ప్రతి వరుస పక్కనా నా పేరే

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. పొయ్యి కట్టేశాను, తలుపు చేరవేశాను, ఇంట్లో ఎవరూ లేరు. మీరు వింటే చాలు, మధ్యలో ఏమీ అనొద్దు. ఏమైనా అంటే మళ్ళీ ఆపేస్తానేమో, నాకే నమ్మకం లేదు.

ఒక మాట మోస్తున్నాను, ఏళ్ళ తరబడి. మోసీ మోసీ అలవాటైపోయిందనుకున్నాను. అలవాటు కాలేదు. కూర తరుగుతుంటే గుర్తొస్తుంది. ఎవరైనా నా కథలు బాగున్నాయంటే గుర్తొస్తుంది, అప్పుడు మరీ ఎక్కువగా. నా జన్మలో ఎన్నో కథలు చెప్పాను గానీ ఈ ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

మాది తణుకు పక్కన ఒక ఊరు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. పెళ్ళయి ఢిల్లీ వచ్చాను. మా ఆయనకి కేంద్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగం, సరోజినీ నగర్‌లో క్వార్టరు. సాయంత్రం మా ఇద్దరు పిల్లలతో పాటు చుట్టుపక్కల తెలుగు పిల్లలు కూడా మా ముందు గదిలో చేరేవాళ్ళు, కథల కోసం. వాళ్ళకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. నేను "అప్పుడా ముసలమ్మ మూట విప్పింది" అంటే, "ఫిర్ క్యా హువా ఆంటీ?" అని, తరవాత ఏమైందని మీదపడేవాళ్ళు. నాకు కథలకి కరువు లేదు. ఒక్కసారి విన్నది మాట పోకుండా గుర్తుంటుంది నాకు. గొప్పకి చెప్పడం లేదు. ఆ జ్ఞాపకమే తరవాత ఏం చేసిందో వింటారుగా.

ఆ పిల్లల్లో ఒకడి తల్లి ఒకరోజు చెప్పింది. గ్రీన్ పార్కులో ఒక చిన్న కంపెనీ ఉందట. పిల్లల కోసం కంప్యూటర్లో బొమ్మల కథలు తయారుచేసి, సీడీలుగా బడులకి ఇస్తుందట. హిందీ, బెంగాలీ, తెలుగు, ఇంకా చాలా భాషల్లో. తెలుగు కథలు తెలిసిన మనిషి కావాలట. నాకు నవ్వొచ్చింది. కథ చెప్పడం కూడా ఉద్యోగమేనా? అయినా వెళ్ళాను.

ఒక ఇంటి కింద బేస్‌మెంటులో ఆఫీసు. ట్యూబులైట్లు, కూలరు చప్పుడు, పైన రోడ్డు మీద నడిచేవాళ్ళ చెప్పులు కిటికీలోంచి కనిపించేవి. అక్కడే పరిచయమైంది స్వరూప.

స్వరూపది కరీంనగర్ వైపు. సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్ళద్దాలు, భుజానికి ఎప్పుడూ బరువైన సంచి. సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చింది. జియా సరాయ్‌లో మూడో అంతస్తులో ఒక గది, పొద్దున కోచింగు, మధ్యాహ్నం నుంచి మా ఆఫీసు. ఆ జీతంతోనే ఆమె ఢిల్లీలో నిలబడింది. ఇంట్లోవాళ్ళు, ఇక చాలు వచ్చెయ్ అంటున్నారు. వయసు పరిమితి దాటేలోపు ఆమెకి ఒకే ఒక్క అవకాశం మిగిలింది. ఈ సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి.

మా పని ఎలా సాగేదంటే, నేను కథ చెప్పేదాన్ని, స్వరూప విని రాసేది. వినగానే రాసెయ్యడం కాదండీ అది. తెర మీద ఒక్కోసారి ఒక్క వరుసే కనిపిస్తుంది. పిల్లవాడు అది చదివాక బొమ్మ మారుతుంది, తరవాతి వరుస వస్తుంది. నేను చెప్పే కథేమో కాలవలా పోతుంది, ఎక్కడా ఆగదు. ఎక్కడ ఆపాలో, ఏ మాట దగ్గర పిల్లవాడు ఊపిరి బిగబడతాడో, ఏ మాట తీసేస్తే మిగతావి నిలుస్తాయో, అది స్వరూప చూసుకునేది. కథ చివర పిల్లలకి ప్రశ్నలు, పొడుపులు ఆమె సొంతంగా కట్టేది. పొద్దుగూకేదాకా ఒక్క వరుస దగ్గరే కూర్చున్న రోజులు నాకు తెలుసు.

"అక్కా, నీ ముసలమ్మ ఇంత మాట్లాడితే బొమ్మ గీసేటాయన ఉరేసుకుంటడు. జర తక్కువ మాట్లాడమని చెప్పవా?" అనేది.

"ముసలమ్మలు తక్కువ మాట్లాడతారటే ఎక్కడైనా?"

"మా ఊళ్ళె మాట్లాడరు. తిడతరు, అంతే."

అలా నవ్వుకుంటూ పని చేసుకున్నాం. తరవాత నాకూ తెలుగు టైపు నేర్పింది ఆమే. మాటల్లో తప్పులుంటే నేనే ఫైలు తెరిచి దిద్దేంత వరకూ వచ్చాను.

ఇప్పుడొక విషయం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా కథల ఫైళ్ళన్నీ ఒకచోట ఉండేవి. రెపో అనేవాళ్ళు దాన్ని. అందరిదీ ఒకటే కొట్టుగది అనుకోండి. ఎవరి కంప్యూటరు నుంచైనా ఫైలు తెచ్చుకోవచ్చు, మార్చి మళ్ళీ లోపల పెట్టొచ్చు. అలా పెట్టడాన్ని కమిట్ అంటారు. ఎవరు ఏ వరుస మార్చారో, ఎప్పుడు మార్చారో అది రాసుకుంటుంది. ఫైలు అడిగితే ప్రతి వరుస పక్కనా దాన్ని చివరగా ముట్టుకున్నవాళ్ళ పేరు చూపిస్తుంది.

ఇంకొకటి. ప్రతి వరుస చివరా కంటికి కనపడని గుర్తు ఒకటుంటుందట, వరుస ఇక్కడితో అయిపోయింది అని మిషన్‌కి చెప్పడానికి. ప్రోగ్రాములు రాసేవాళ్ళ కంప్యూటర్లు వేరే రకం. వాటిలో ఆ గుర్తు ఒకటే. మా విండోస్ మిషన్లలో రెండు గుర్తులు కలిపి పెడతారు. మనిషి చూస్తే తేడా లేదు. మిషన్ చూస్తే మాత్రం వరుస మొత్తం మారిపోయినట్టే. అందుకని అందరూ ఒకే రకం గుర్తు వాడాలని ఆఫీసులో నియమం. మేము ఒక్క గుర్తు పద్ధతినే వాడాలి. ప్రోగ్రాములు రాసే నవీన్ భయ్యా ఇది మొదటిరోజే చెప్పాడు. నేను వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

"దీదీ, బస్ ఏక్ ఎంటర్ కా లఫ్డా హై," అని నవ్వాడు. ఒక్క ఎంటర్ బటను గొడవే ఇదంతా అని.

స్వరూప నా మిషన్‌లో ఎడిటరని, ఫైళ్ళు తెరిచి దిద్దే ప్రోగ్రాము వేరేది పెట్టి, గుర్తులు చెడకుండా అన్నీ సరిచేసి ఇచ్చింది. ఒక సూత్రం చెప్పింది. "కమిట్ చేసే ముందుగాల ఏం మారిందో చూడక్కా. ఒక్క మాట దిద్దినవనుకో, ఒక్క వరుసే ఎర్రగ కనబడాలె. ఫైలంత ఎర్రగైతే చెయ్యి తియ్యి, నన్ను పిలువు."

ఎన్నోసార్లు పిలిచాను. ఎప్పుడూ విసుక్కోలేదు.

ఆ చలికాలం స్వరూప తమ్ముడి పెళ్ళికని ఊరెళ్ళింది. ఆమె వెళ్ళాక నా మిషన్‌కి వైరస్ పట్టింది. మిషన్లు బాగుచేసే అతను వచ్చి అంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాడు. స్వరూప పెట్టిన ఎడిటరు పోయింది. మిషన్‌తో పాటు వచ్చే నోట్‌ప్యాడ్ ఒక్కటే మిగిలింది. అందులో కథ తెరిచాను. వరుసలు లేవు. కథంతా ఒకే చాంతాడు. మాటకీ మాటకీ మధ్య అక్కడక్కడ చిన్న నల్ల డబ్బాలు. ఇంకో కథ తెరిచాను. అదీ అంతే. అన్నీ అంతే.

ఫైళ్ళకేమీ కాలేదని ఇప్పుడు తెలుసు. ఒక్క గుర్తు ఉన్న వరుసల్ని ఆ నోట్‌ప్యాడ్ అర్థం చేసుకోలేదు, అంతే. ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కానీ ఆరోజు నాకేం తెలుసు? స్వరూప పని అంతా నా చేతిలో నాశనమైపోయిందనుకున్నాను. పెళ్ళింట్లో ఉన్న పిల్లకి ఫోను చెయ్యాలా? నవీన్ భయ్యాని అడగాలా? మళ్ళీ ఆ ఎంటర్ నవ్వు నవ్వుతాడు. ఎనిమిదో తరగతి మనిషిని కదా. ఎవరు నవ్వినా అక్కడే తగులుతుంది.

అందుకని ఏం చేశానో తెలుసా? నాకు కథలన్నీ నోటికి వచ్చు. స్వరూప ఏ మాట దగ్గర వరుస ఆపిందో కూడా గుర్తుంది, ఎందుకంటే ప్రతిదీ నాకు చదివి వినిపించేది. కూర్చున్నాను. నల్ల డబ్బాలన్నీ చెరిపేసి, గుర్తున్న ప్రతి చోటా ఎంటర్ కొట్టాను. ఒక కథ అయ్యాక ఇంకో కథ. ఆమె వచ్చేలోగా అన్నీ. వేళ్ళు నొప్పులు పుట్టాయి. లోపల పెట్టే ముందు ఏం మారిందో చూశాను. ఫైలంతా ఎర్రగా ఉంది. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా. చెయ్యి తియ్యమంది కదా స్వరూప. తియ్యలేదు. ఇంత కష్టపడ్డాను కదా, బాగుచేశాను కదా అనుకుని నొక్కేశాను.

ఇంతవరకూ నా తప్పు అమాయకత్వమే. అసలు పాపం ఇది కాదు.

స్వరూప పెళ్ళి నుంచి వచ్చింది. చేతులకి ఇంకా గోరింటాకు ఎరుపు. ఫైళ్ళు చూసి, "అక్కా, గిదేంది? కథలన్నిటికి నువ్వు మళ్ళ పెండ్లి చేసినవా?" అంది.

జరిగింది చెప్పాను. నల్ల డబ్బాలు, ఎంటర్లు, అన్నీ. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, బల్ల మీద తల పెట్టి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"అయ్యో, ఏడ్వకు. ఒక్క వరుస తప్పు పోలేదక్కా! నీ తలకాయల ఏం పెట్టిండే దేవుడు? నేను నిదానంగ సరిజేస్త. పాతయన్ని లోపల్నే ఉంటయి, ఎక్కడికి పోవు. ఒక్క అడుగు ఎనుకకు పోతే అన్ని కనబడ్తయి."

పాతవన్నీ లోపలే ఉంటాయి. ఒక్క అడుగు వెనక్కి వెళితే కనపడతాయి. ఇదీ నాకు తెలుసు. ఇదీ మీరు గుర్తుపెట్టుకోండి.

నిదానంగా సరిచేద్దామనుకున్నది సరిచేసే తీరిక రాలేదు. ఆమెకి చదువు ముదిరింది. ఆఫీసులోనూ గాలి మారింది. అప్పుడు పేపర్ల నిండా మాంద్యం కబుర్లే. కొత్త పనులు రావడం ఆగిపోయింది. ఛాయ్ ఇచ్చే అతన్ని మానిపించారు. తరవాత నవీన్ భయ్యాని. వెళ్ళిపోయేరోజు అతను ఎవరితోనూ నవ్వలేదు. భాషకి ఒక్కరినే ఉంచుతారని గుసగుసలు మొదలయ్యాయి. తెలుగుకి మేమిద్దరం.

నేను నన్నే తీసేస్తారనుకున్నాను. అందులో అన్యాయమేముంది? రాసేది ఆమె, చదువుకున్నది ఆమె. మా ఆయనతో చెప్పాను కూడా, ఇక ఇంట్లోనే ఉంటానని. ఆయన పేపరు పక్కన పెట్టి, "పోనీలే, పిల్లలకి వేడన్నం దొరుకుతుంది" అన్నారు. మాకు జరుగుబాటుకి లోటు లేదు. క్వార్టరు ఉంది, ఆయన జీతం ఉంది. ఇది దాచను. ఆకలికి చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఒక మధ్యాహ్నం భల్లా సార్ నన్ను తన గదిలోకి పిలిచారు. కంపెనీ ఆయనదే. పెద్దాయన, మర్యాదస్తుడు, కోపం వచ్చినా మెల్లగానే మాట్లాడేవారు. ఆయనకి తెలుగు అక్షరం రాదు. ఆ ఆఫీసులో మా ఇద్దరికి తప్ప ఎవరికీ రాదు. ఎవరి పని మంచిదో చదివి తెలుసుకునే దారి ఆయనకి లేదు. అందుకే మిషన్‌ని అడిగారు, ఏ వరుస ఎవరిదని. చెప్పేవాడు ఉంటే నవీన్ భయ్యా చెప్పేవాడు, సార్ ఇది ఎంటర్ గొడవ అని. అతను లేడు.

ఆయన తన తెర నా వైపు తిప్పారు. నా ముసలమ్మ కథ. ప్రతి వరుస పక్కనా ఒక పేరు. పై నుంచి కింది దాకా ఒకటే పేరు. నాది.

"దీదీ, మై తో సమఝ్ రహా థా స్వరూపా లిఖ్‌తీ హై," అన్నారు. స్వరూపే రాస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ అని. ఇంకో కథ తెరిచారు. ఇంకోటి. "యే సబ్ ఆప్ నే లిఖా హై?"

ఇవన్నీ మీరు రాసినవేనా?

అంతే, ఒక్క ప్రశ్న. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. నేను చెప్పాల్సింది ఎంత? "నహీ సర్, స్వరూప రాసింది, నేను ఎంటర్లు కొట్టాను, ఒక్క అడుగు వెనక్కి వెళ్ళి చూడండి" అంటే ఆయన అక్కడే, నా ముందే చూసి ఉండేవారు. ఆయన నన్ను చూసి నవ్వినా సరే, అక్కడితో అయిపోయేది.

"జీ సర్," అన్నాను. అవునని.

"అచ్ఛా," అన్నారు ఆయన. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఠీక్ హై దీదీ. ఆప్ రహియే."

మీరు ఉండండి.

బయటికొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. స్వరూప ఇంకా రాలేదు, కోచింగు నుంచి బస్సులో ఉండి ఉంటుంది. లేచి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళొచ్చు. తలుపు తెరిచే ఉంది. సార్ వీపు కనిపిస్తోంది. కూర్చునే ఉన్నాను. ఎందుకు కూర్చున్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో. భయమా అని అడిగాను. కాదు, అప్పుడు భయం వెయ్యలేదు. పిల్లల కోసమా అని అడిగాను. అదీ కాదు, చెప్పానుగా. కథలు నావే కదా, నా నోటి నుంచి వచ్చినవే కదా, కాబట్టి రాసింది నేనే అన్నా అబద్ధమేముంది అని కూడా చాలా ఏళ్ళు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది కొంతకాలం పని చేసింది. కానీ ఆ పొడుపులు నావి కావు. ఆ ఆపిన చోట్లు నావి కావు. నేను చెబితే కాలవ, ఆమె రాస్తే కథ. తేడా తెలియనంత మొద్దుని కాదు నేను.

అసలు కారణం చెబుతాను. దీనికే మిమ్మల్ని దగ్గరికి పిలిచింది. ఆ తెర మీద ప్రతి వరుస పక్కనా నా పేరు చూశాను కదా. నా పేరు అలా అచ్చులో, అంత పొడుగున, నేను ఎప్పుడూ చూడలేదు. బడిలో హాజరు పట్టీ తరవాత రేషను కార్డు మీదే చూశాను. అది చూడగానే నాకు నచ్చింది. సార్ అడిగేలోపే, ఒక్క నిమిషం నేనే నమ్మాను, ఇవన్నీ నావే అని. ఆ నిమిషంలోనే "జీ" అన్నాను. నచ్చింది కాబట్టి అన్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

సాయంత్రం స్వరూపని పిలిచి చెప్పారు. బయటికొచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుంది. ముఖం పాలిపోయింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను తీసేసిన్రక్కా," అంది. "నిన్ను ఉంచుతున్నరట. మంచిదే. ఇద్దర్ని తీసేస్తరేమో అనుకున్న."

నేను తల వంచుకుని కీబోర్డు వైపు చూశాను.

"ఎట్ల జేసిన్రో ఏమో, సార్ ఏం చెప్పలే. నాతోని మంచిగనే మాట్లాడిండు. కథలు దెలిసినోళ్ళు దొరకరు గద, అందుకే నిన్ను ఉంచిన్రు గావచ్చు." నా వైపు చూసి, "నువ్వెందుకక్కా గట్ల అయితవు? నీదేం తప్పు?" అంది.

నా చెయ్యి పట్టుకుని అంది ఆ మాట. చేతులకి గోరింటాకు అప్పటికి పూర్తిగా పోయింది.

చూడండి, ఎంటర్ సంగతి ఆమెకి తెలుసు. సార్ ఏం చూసి నిర్ణయించారో తెలియదు. సార్‌కి పేర్లు తెలుసు, ఎంటర్ సంగతి తెలియదు. రెండూ తెలిసింది ఆ బేస్‌మెంటులో నేనొక్కదాన్నే.

ఆమె చివరిరోజు వచ్చి తన సామాను సర్దుకోలేదు. నా మిషన్ ముందు కూర్చుంది. పాత ఎడిటరు మళ్ళీ పెట్టింది. ఫైళ్ళన్నిటికీ గుర్తులు మళ్ళీ ఒకే పద్ధతిలోకి తెచ్చింది, నేను పాడుచేసినవన్నీ. నా మిషన్ నుంచి, నా పేరు మీదే లోపల పెట్టింది. "ఇగ ఎవరు ముట్టినా చెడిపోవు. నేను లేకున్నా నీకు తిప్పలు ఉండదు," అంది. నాకు తిప్పలు ఉండకూడదని. నేను ఆమె వెనకాలే నిలబడి చూశాను. ఫైలంతా ఎర్రగా అయింది, ఆమె నొక్కింది, మామూలుగా అయింది. అప్పుడైనా చెప్పొచ్చు. సార్ పక్క గదిలోనే ఉన్నారు. చెప్పలేదు.

తరవాత ఒక ఆదివారం జియా సరాయ్ వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, నోటికి వచ్చేదాకా. సందులో ఫొటోకాపీ కొట్లు, పరాఠాల బండి, మేడ మీదికి ఇరుకు మెట్లు. తలుపు తీసే ఉంది. స్వరూప నేల మీద కూర్చుని పుస్తకాలు విడదీస్తోంది. ఇవి కింది గది పిల్లకి, ఇవి అమ్మేసేవి, ఇవి ఊరికి.

"పోతున్నవా?" అన్నాను. ఆమె యాస నా నోట్లోకి వచ్చేసింది.

"పోత. ఇక్కడ ఇంకో పని దొరకలే. దొరికేదాక గది అద్దె ఎట్ల? ఇంటికాడ చదువుకుంట అని చెప్పిన అమ్మకు." నవ్వింది. "ఇంటికాడ ఎవరు చదువుతరక్కా? పొద్దున లేస్తె సంబంధాలే."

పరీక్ష దగ్గరికి వచ్చేసిందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

నేను పక్కన కూర్చుని పుస్తకాలు కట్టడానికి తాడు పట్టుకున్నాను. ఇప్పుడు చెబుతాను, ఈ కట్ట అయ్యాక చెబుతాను అనుకుంటూ. అప్పుడు ఆమె అంది.

"ఊకె కూసుంటె పని సాగుత లేదు. ఒక కథ చెప్పు అక్కా. కొత్తది. రాసెటిది కాదు, ఊకెనే."

చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. పిల్లి, కుండ, అత్తగారు ఉన్న ఒక పాత కథ. ఆమె పుస్తకాలు కడుతూ వింది, నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. మధ్యలో ఒకచోట చెయ్యెత్తి, "ఇక్కడ ఆపాలె, గీ మాట దగ్గర," అంది, అలవాటు కొద్దీ. సరిగ్గా చెప్పింది. అక్కడే ఆపాలి ఆ కథ. నేను ఆపకుండా చెప్పుకుంటూ పోయాను, ఆపితే ఏడుస్తానని.

కథ అయిపోయింది. కట్టలూ అయిపోయాయి. మెట్ల దాకా దిగివచ్చి, ఆటో మాట్లాడి, "పిల్లలు పైలం" అని జాగ్రత్త చెప్పి పంపింది. నేను చెప్పడానికి వెళ్ళిన మాట చెప్పకుండానే ఇంటికి వచ్చాను.

సీడీ బయటికొచ్చింది. కథలన్నీ అయ్యాక చివర తెర మీద పేర్లు వస్తాయి. తెలుగు రచన అని నా పేరు. ఒక్కటే. మా పిల్లలు చప్పట్లు కొట్టారు. "మమ్మీ కా నామ్ ఆయా!" అని గెంతారు. మా ఆయన ఆఫీసులో అందరికీ చూపించారు. ఆ చివరి తెర వచ్చినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నాకు సిగ్గనుకునేవాళ్ళు. నిజమే, సిగ్గే, వాళ్ళనుకున్న రకం కాదు.

మరో ఏడాదికి కంపెనీ కూడా మూతపడింది. ఎవరి మేలు కోసం ఆ అబద్ధం నిలిచింది? ఎవరి మేలు కోసమూ కాదు.

స్వరూప ఊరికి ఫోను చేశాను మొదట్లో. బాగానే మాట్లాడేది. పరీక్ష రాయలేదని ఒకసారి చెప్పింది, మామూలుగా, కూర మాడిందన్నట్టు. ఆ రోజుల్లో వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగాలేదట. ఆ తరవాత ఇక వయసు దాటిపోయింది. పెళ్ళయింది, చిన్న బడిలో పాఠాలు చెబుతోందని విన్నాను. మెల్లగా ఫోన్లు తగ్గాయి, తగ్గించింది నేనే. ఆమె గొంతు వింటే తట్టుకోలేక. ఇప్పుడా నంబరు పని చెయ్యడం లేదు. ఆమె బాగానే ఉందేమో. సంతోషంగానే ఉందేమో. అలా అనుకుని నిద్రపోదామని చూస్తాను, అది కూడా నన్ను నేను ఊరడించుకోవడమే కదా. ఆమె బాగున్నా నేను చేసింది చేసిందే. పరీక్ష రాసినా నెగ్గేది కాదేమో. కానీ రాయడమనేది ఆమెది. అది నేను ఆమె చేతిలోంచి తీసేశాను, ఒక్క "జీ"తో.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆమె ఎదురుపడితే అడగగలనో లేదో కూడా తెలియదు. మళ్ళీ ఏదో కథ చెప్పి వచ్చేస్తానేమో. నన్ను నేను అంత నమ్మను.

ఒక్కటే, పైకి అనాలని ఉంది. ఎవరో ఒకరు వింటుండగా అనాలని. ఆ తెలుగు కథల్లో ప్రతి వరుసా స్వరూప రాసింది. పొడుపులు ఆమెవి, ప్రశ్నలు ఆమెవి, ఆపిన ప్రతి చోటూ ఆమెదే. నేను చెప్పాను, ఎంటర్లు కొట్టాను. సార్ అడిగినప్పుడు అబద్ధం చెప్పాను.

అన్నాను. ఎంత చిన్న మాట, చూడండి. ఇంతసేపూ కూర్చుని విన్నారు, విసుక్కోలేదు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ వాళ్ళు చెమటోడ్చిన పని మీద వాళ్ళ పేరే ఉండాలి, ఎవరూ దాన్ని తుడవకుండా ఉండాలి. మీ ఇంట్లో ఎవరినైనా ఎవరైనా ఇది నీదేనా అని అడిగితే, కాదు అనాల్సిన చోట కాదు అనే ధైర్యం ఆ నోటికి దక్కాలి. మీ పిల్లలు పదికాలాలు చల్లగా ఉండాలి.